మార్చికి నీలం, ఏప్రిల్‌కు నలుపు

అక్రెడిటేషన్ (నాణ్యతకిచ్చే గుర్తింపు) వల్ల ఆసుపత్రుల్లో యాజమాన్యం పర్యవేక్షణ ఏమీ మెరుగుపడదని వాదించేవాళ్లు, మా బావగారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు నాతోపాటు ఓ నాలుగు రోజులు తోడుండాల్సింది. ఇన్‌స్పెక్షన్ వారం అది.

ఉదయం ఆరింటికి బాత్రూముకు వెళ్లాను. గంటకోసారి కడిగినట్టు తలుపు వెనక చెక్‌లిస్టులో సంతకాలున్నాయి, రాత్రి పదింటి గడిదాకా! ఇంత ముందుచూపు నేనెక్కడా చూడలేదు. బకెట్లో మగ్గు మాత్రం లేదు. చెక్‌లిస్టులో మగ్గుకు గడి లేదు మరి, ఎవర్నని ఏం లాభం?

ఈ గుర్తింపునిచ్చేది ఎన్‌ఏబీహెచ్. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద 2005లో పెట్టిన బోర్డు. 2020లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రమాణాల పుస్తకంలో 651 అంశాలుండేవి. యాజమాన్యం బాధ్యతలకైతే ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. మంచి పుస్తకం, వెటకారం కాదు. కాకపోతే, గుర్తింపు లేని ఆసుపత్రికి కేంద్ర ప్రభుత్వోద్యోగుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ ఇచ్చే రేటు 15 శాతం తక్కువ. మేనేజింగ్ డైరెక్టర్లకు, అదే ఎండీలకు, అధ్యాయం కన్నా ఈ ముక్క తొందరగా కంఠతా వస్తుంది.

రెండో రాత్రి సెలైన్ అయిపోయింది. బెల్లు కొట్టి కొట్టి, చివరికి నేనే కౌంటర్ దగ్గరికి వెళ్లాను. ముప్పై మంచాలకు ఉన్న ఒక్క సిస్టరూ రిజిస్టర్ల మధ్య కూర్చుని ఉంది.

"రెండు నిమిషాలు సార్, చేతుల శుభ్రత ఆడిట్ రాస్తున్నా."

"ఈ రోజుదా అమ్మా?"

"మార్చిది సార్. మీ దగ్గర నల్ల పెన్నుందా? మార్చికి నీలం వాడేశాను, ఏప్రిల్‌కు నలుపు కావాలి."

ఇచ్చాను. పాపం, ఆ పిల్లను ఏమనగలం? పైనున్నవాళ్లు రిజిస్టర్లను చూసుకుంటే, రిజిస్టర్లు వార్డును చూసుకుంటాయి.

మర్నాడు ఎండీ గారు స్వయంగా మా అంతస్తుకు వేంచేశారు. "ఇది మనదేనా?" అని మేనేజర్ని అడిగారు. సిస్టర్ పరుగున వచ్చి బావగారి చెవిలో, "ఎవరైనా అడిగితే మీ హక్కులన్నీ వివరంగా చెప్పామనండి" అంది.

"ఏం హక్కులమ్మా?"

"గోడ మీదున్నాయి సార్."

ఉన్నాయి. పొద్దున్నే తగిలించిన బోర్డు, ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు.

డిశ్చార్జి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం చేతికిచ్చారు. అన్ని ప్రశ్నలకూ 'చాలా బాగుంది' దగ్గర అప్పటికే టిక్కులు పెట్టి ఉన్నాయి, నల్ల సిరాతో. సంతకానికని పెన్ను కూడా వాళ్లే ఇచ్చారు. నాదే.