పోరంబోకు అనే మాట చేసిన పాపం

సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలో కాకినాడ దగ్గరి చొల్లంగిపేట మడ అడవిలోకి వెళ్ళి కిందికి చూడండి. బురదలోంచి వేలకొద్దీ వేళ్ళు పెన్సిళ్ళలా పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో కూరుకున్న వేరు ఊపిరి తీసుకునేది వాటితోనే. ఓ మడ ఆకు తిప్పి నాలుక ఆనిస్తే ఉప్పగా తగులుతుంది. రొయ్య పిల్ల దాక్కునేది, మండపీత పెరిగేది ఆ బురదలోనే. ఇలాంటి నేలకి మన రెవెన్యూ రికార్డులో దొరికే పేరు చాలాచోట్ల పోరంబోకు, అంటే సాగూ శిస్తూ లేని సర్కారు భూమి.

1978లో ఈ మడ ఉన్న కోరింగని అభయారణ్యంగా ప్రకటించి 235 చదరపు కిలోమీటర్ల చుట్టూ గీత గీశారు. ఆ గీతే లేకపోతే ఇక్కడా ఈపాటికి రొయ్యల చెరువుల ఏరేటర్లు తిరుగుతుండేవి. గీత బయటి మడకి దిక్కెవరు?

1996 డిసెంబరు 12న అడవుల నరికివేత మీద వేసిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు దానికి దారి చూపింది. రికార్డులో ఏ పేరున్నా, యజమాని ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే అంది. నేలని చూసి మాట్లాడిన తీర్పు అది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి మళ్ళీ కాగితానికే పెద్దరికం ఇచ్చారు. రికార్డులో అడవి అని ఉంటేనే రక్షణ. పోరంబోకు అని రాసి ఉన్న మడ సంగతేంటి? 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పాత అర్థాన్నే కొనసాగించమంది కాబట్టి మడకి ఊపిరి దక్కింది. తీరప్రాంత నిబంధనలున్నాయిగా అంటారా? 1991లో రాశారు, 2011లో, 2019లో... ఇప్పటికి రెండుసార్లు తిరగరాశారు.

పేదలకి ఇళ్ళొద్దా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2020లో కాకినాడ దుమ్ములపేటలో ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్లు కొట్టినప్పుడూ ఇదే మాట. కానీ పోటు నీరొచ్చే చోట పట్టా ఇస్తే, తుపానొస్తే మొదట మునిగేది ఆ పేదవాడి ఇల్లే. 1996 నవంబరు 6 తుపాను రాత్రిని కోనసీమ ఇంకా మర్చిపోలేదు.

అసలు జబ్బు మన భాషలో ఉంది. పంట లేకపోతే బీడు, గోడ లేకపోతే ఖాళీ స్థలం. అధికారి, నాయకుడు, విలేకరి, మనం, అందరం అలాగే అంటాం. ముందు పేరు చెడుతుంది, ఆ తర్వాతే పొక్లెయిన్ వస్తుంది.

భూముల రీసర్వే మొదలుపెట్టారుగా, గట్లు కొలిచే డ్రోన్‌ని తాళ్ళరేవు, ఐ.పోలవరం, కాట్రేనికోన మడల మీదుగా కూడా ఎగరేయండి. మడ కనిపించిన ప్రతి సర్వే నంబరు ఎదురుగా పోరంబోకు కొట్టేసి, అడవి అని రాయండి.