ఆపిల్ మీది అంకె ఎవరి కోసం?

మొన్న విశాఖ ఎంవీపీ కాలనీలో బండి మీద నాలుగు ఆపిల్స్ కొన్నాను. ఇంటికొచ్చి కడుగుతుంటే ఒకదాని స్టిక్కర్ ఎంతకీ ఊడలేదు. గోరుతో గీకితే దాని కింద రూపాయి బిళ్లంత మేర తొక్క నల్లబడి మెత్తగా ఉంది. బండి అతన్ని అనడం లేదు, పెట్టెలో వచ్చింది వచ్చినట్టే పేర్చి ఉంటాడు. స్టిక్కర్ మీద మాత్రం 'బెస్ట్ క్వాలిటీ' అని ఉంది.

ఆ మాట ఎవరూ పరీక్షించి ఇచ్చింది కాదు. ఇలాంటి స్టిక్కర్లు దెబ్బతిన్న చోటును కప్పేస్తాయనీ, వాటి జిగురు మంచిది కాదనీ, అసలు అతికించవద్దనీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పుడో చెప్పింది. అయినా మనం స్టిక్కర్ ఉన్న పండునే ఏరుకుంటాం. నాకు బాధ కలిగించేది అదే.

విదేశీ పండ్ల మీద ఉండే అంకె సంగతి వేరు. అది పీఎల్‌యూ కోడ్, 1990 నుంచి వాడుకలో ఉంది. గాలా ఆపిల్‌కీ ఫ్యూజీకీ తేడా తెలియక కౌంటర్లో ఒకదాని ధర ఇంకోదానికి వేయకుండా పెట్టుకున్న నంబరు. మామూలు అరటిపండుకు 4011. అదే సేంద్రియ పద్ధతిలో పండితే ముందు 9 చేరి 94011 అవుతుంది. అది వేయాలని ఏ ప్రభుత్వ నిబంధనా లేదు, వ్యాపారులు తమకు తాము పెట్టుకున్న ఏర్పాటు. పండు ఎప్పుడు కోశారో, ఏ మందు కొట్టారో ఆ అంకె చెప్పదు.

'8తో మొదలైతే జన్యుమార్పిడి పండు, ముట్టుకోవద్దు' అని వాట్సాప్‌లో ఏటా తిరిగే మెసేజ్‌ని మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ చూశాను. 8ని ఒకప్పుడు అందుకోసం కేటాయించిన మాట నిజమే గానీ దుకాణాల్లో ఎన్నడూ వాడలేదు. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయనే 2010లో సాగుకు రాకుండా ఆపేశారు. ఆపిల్, బొప్పాయి, అనాస సహా 24 రకాల పంటల దిగుమతికి అవి జన్యుమార్పిడివి కావన్న ధ్రువపత్రం 2021 నుంచి తప్పనిసరి. లేని భయానికి పడుతున్న శ్రద్ధలో సగం ఉన్న ప్రమాదం మీద పెడితే బాగుండేది.

ఆ ప్రమాదం కార్బైడ్. దాంతో పండ్లు మగ్గబెట్టడం నిషేధం. దాని బదులు ఇథిలిన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాకా వాడుకోవచ్చు. బంగినపల్లి రోజుల్లో మనం అడగాల్సిన మొదటి ప్రశ్న 'దేంతో మగ్గబెట్టారు?' అన్నదే. ఏ స్టిక్కరూ దానికి జవాబివ్వదు.

సేంద్రియం అని ప్యాకెట్ మీద రాస్తే మాత్రం ప్రభుత్వ సేంద్రియ ధ్రువీకరణ గుర్తు కోసం చూడండి, ఆకుపచ్చ రంగునీ ఆకు బొమ్మనీ చూసి మోసపోకండి. నేరుగా మనకే అమ్ముకునే చిన్న రైతుకు ఆ ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి రైతుబజారులో గుర్తు లేని ప్రకృతి సేద్యం కూరను వెంటనే అబద్ధమని కొట్టిపారేయకూడదు. అక్కడ మనిషిని అడగొచ్చు.

పోయిన ఆదివారం రైతుబజారులో బెండకాయలు అమ్ముతున్న ఒకామెను ఎప్పుడు కోశారని అడిగాను. "ఆనందపురం అవతల నుంచి వచ్చినాం బాబూ, నిన్న సాయంత్రం కోసినవే. కొస తుంచి సూడు" అంది. తుంచితే టక్కున విరిగింది. ఏ ఊరిదో, ఏనాటిదో, ముదిరిందో లేతదో అన్నీ అక్కడే తేలిపోయాయి.

1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ ధరల బోర్డు మనకు అలవాటే. రోజూ పొద్దున్నే కిలో ధర రాసే ఆ బోర్డు మీదే ఇంకో రెండు గడులు గీయాలి. ఒకదాంట్లో సరుకు వచ్చిన ఊరు, రెండోదాంట్లో కోసిన రోజు. పండ్లకైతే మగ్గబెట్టిన పద్ధతి కూడా. సీతమ్మధారలోనో కంచరపాలెంలోనో ఒక్కచోట మొదలుపెట్టినా చాలు, మిగతా బజార్లలో జనమే అడుగుతారు.