తప్పుకు బదిలీ ఉత్తర్వులు

మన దగ్గర ఉద్యోగి తప్పు చేస్తే ఉద్యోగిని బదిలీ చేస్తారు. అమెరికా సైన్యంలో తప్పునే బదిలీ చేస్తారు. మనిషి ఉన్నచోటే ఉంటాడు. అవే బూట్లు, అదే జీతం. ఆయన చేసిన తప్పు మాత్రం ఫైల్లో ఒక అరలోంచి మూటాముల్లె సర్దుకుని ఇంకో అరలోకి వెళ్లిపోతుంది. ఇంత నాగరికమైన పద్ధతి ఒకటి లోకంలో ఉండగా, మనం ఇన్నేళ్లూ "మన్యానికి పంపిస్తా" అని గుమాస్తాలను బెదిరిస్తూ కూర్చున్నాం. పనికిరాడని మనం తేల్చిన మనిషిని భరించడానికి ఆ మన్యం జనం ఏం పాపం చేశారని ఒక్కరూ అడగలేదు. అందుకే ఈ బదిలీ విధానాన్ని తెలుగు పాఠకులకు సవినయంగా పరిచయం చేస్తున్నాను.

ముందుగా తప్పు ఎలా పుడుతుందో చూద్దాం. జనరల్ స్థాయి అధికారి సంతకం చేసి ఇచ్చే మందలింపు లేఖను అక్కడి సైనికులు 'గోమార్' అంటారు. పేరు వింటే గోమాత గుర్తొస్తుంది, లేఖ మాత్రం కొమ్ముల వైపు నుంచి వస్తుంది. తాగి కారు నడుపుతూ దొరికిన సైనికుడికి ఇది దాదాపు ఖాయం. నువ్వు నీ పరువూ సైన్యం పరువూ తీశావని చెప్పాక, ఇది పరిపాలనా చర్యే తప్ప శిక్ష కాదని కూడా అందులో రాస్తారు. శిక్ష కాదు కనక కోర్టు ఉండదు, సాక్షులను బోనెక్కించడం ఉండదు. సంజాయిషీ రాసుకోవడానికి మామూలుగా ఏడు రోజులు ఇస్తారు. అది చదివాక జనరల్ గారు లేఖను వెనక్కి తీసుకోవచ్చు, కొంతకాలం ఉండి పోయే స్థానిక ఫైల్లో పెట్టవచ్చు, లేదా ఆ సైనికుడి శాశ్వత ఫైలుకు పంపవచ్చు.

శాశ్వత ఫైలుకు వెళ్లిందంటే, ప్రమోషన్ బోర్డు కూర్చున్న ప్రతిసారీ ఆ లేఖ కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది. అమెరికా సైన్యంలో ఆఫీసర్లకు పైకి పోవాలి, లేదా బయటికి పోవాలి. 1980లో చేసిన చట్టం ప్రకారం, రెండుసార్లు ప్రమోషన్ తప్పిన ఆఫీసర్ చాలావరకు ఇంటిదారి పట్టాల్సిందే. సీనియర్ సార్జెంట్లకైతే ఆ ఒక్క లేఖ చూసే 'ఇతన్ని ఇంకా ఉంచుకోవాలా' అని ఆలోచించే బోర్డు వేరే ఉంది. ఉద్యోగం పోవచ్చు, దాంతో పెన్షనూ పోవచ్చు. అయినా ఇది శిక్ష కాదు. మా తెలుగు మాస్టారు గోడకుర్చీ వేయించేటప్పుడు కూడా "ఇది శిక్ష కాదురా, వ్యాయామం" అనేవారు. ఆయన అమెరికాలో పుట్టి ఉంటే జనరల్ అయ్యేవారు.

ఇక ఫైలు సంగతి. ఇప్పుడదంతా కంప్యూటర్లోనే ఉంది గానీ, కట్టుబడి మాత్రం మన పాత పెంకుటిల్లే. అందులో 'పెర్ఫార్మెన్స్ ఫోల్డర్' అనేది వీధి గది. ప్రమోషన్ బోర్డు వాళ్లు వచ్చి కూర్చునేది, గోడ మీది ఫొటోలు చూసేది అక్కడే. పతకాలూ, మంచి రిపోర్టులూ, ఖర్మ కాలితే గోమారూ అన్నీ ఆ గదిలోనే వేలాడుతుంటాయి. 'రెస్ట్రిక్టెడ్ ఫోల్డర్' అనేది అటక. మామూలు ప్రమోషన్ బోర్డులు అటక ఎక్కవు. కాబట్టి మందలింపును వీధి గదిలోంచి అటక మీదికి చేర్పించుకుంటే బతికినట్టే. మనవాళ్లు దేన్నయినా పక్కన పడేస్తే 'అటకెక్కించారు' అని విసుక్కుంటారు. అటకెక్కించమని మనిషి కాగితం పెట్టుకుని, లాయరును కుదుర్చుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూసేది ఈ ఒక్క విషయంలోనే అనుకుంటాను.

అందరికీ ఆ అటక దొరకదు. లైంగిక నేరాల మీద ఇచ్చిన మందలింపులకు అటక లేదు, అవి వీధి గదిలోనే ఉండాలని నియమం. అది సబబే. అక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు.

మిగిలినవాళ్ల బదిలీలు చూసేది డాసెబ్ అనే బోర్డు. సైనికుడి 'యోగ్యత'ను తూచే బోర్డన్నమాట. నియమావళి నంబరు 600-37, దాని పేరు 'అననుకూల సమాచారం'. మన టీచర్ల బదిలీ కౌన్సెలింగ్ తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. మన దగ్గర ఒక స్కూల్లో కనీసం ఇన్నేళ్లు చేస్తేనే అర్హత అంటారు కదా. అక్కడా అంతే. గోమార్ వచ్చి కనీసం ఏడాది కావాలి, ఆ తర్వాత కనీసం ఒక పనితీరు రిపోర్టు పడాలి. సిఫార్సు లేఖలు జతచేయాలి. మందలించిన జనరలే 'పోనీలెండి పాపం' అని రాసిచ్చాడంటే దాని బరువే వేరు. ఒక్క స్పౌజ్ కోటా లేదు గానీ, తక్కిన హంగులన్నీ ఉన్నాయి.

అర్జీదారు రుజువు చేయాల్సినవి రెండే రెండు. ఆ మందలింపు 'ఉద్దేశించిన ప్రయోజనం' నెరవేరింది. దాన్ని అటకెక్కించడం సైన్యానికే మంచిది. తనకు మంచిదని రాస్తే సరిపోదు. తన పరువు కాపాడటం వల్ల సైన్యానికి ఒనగూడే లాభాన్ని లెక్కగట్టి చెప్పాలి. అప్పు తీసుకునేవాడు బ్యాంకు క్షేమం కోసమే తీసుకుంటున్నానని రాసినట్టు.

ఆ మొదటి షరతు దగ్గర కొంచెం ఆగాలి. తిట్టు పనిచేసిందని తిట్టు తిన్నవాడే నిరూపించాలి! ఎలా? బాధ పడ్డానని రాయాలి, కానీ పని చేయలేనంత బాధ కాదు. మారానని రాయాలి, కానీ మునుపు మరీ అంత చెడ్డవాణ్ణని అనిపించకూడదు. ఇంతలో ఇంకో గుమ్మం కనిపించి మనిషిని ఊరిస్తుంది. ఆ లేఖ అబద్ధమనో అన్యాయమనో తిరుగులేని సాక్ష్యంతో నిరూపిస్తే, బదిలీ ఏం ఖర్మ, ఏకంగా తీసేస్తారు. ఒక గుమ్మంలో 'తప్పు చేయలేదు' అనాలి, రెండో గుమ్మంలో 'తప్పు చేశాను, బుద్ధొచ్చింది' అనాలి. ఆశపోతు రెండు గుమ్మాల్లోనూ చెరో కాలు పెడతాడు. 'పాలు నేను తాగలేదు, తాగినందుకు సిగ్గుపడుతున్నాను' అని పిల్లి దరఖాస్తు పెట్టుకున్నట్టు ఉంటుంది.

మందలింపు ప్రయోజనం ఎప్పుడూ నెరవేరుతుందనే నమ్మకం ఆ సైన్యానికి ఎలా వచ్చిందో నాకు అంతుపట్టదు. ఎందుకంటే వాళ్ల చరిత్రలో బాగా పేరుమోసిన ఒక మందలింపు రాసింది సాక్షాత్తూ జార్జ్ వాషింగ్టన్. అందుకున్నది, బ్రిటిష్ వాళ్లతో జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో ఆయన కింద పనిచేసిన జనరల్ బెనెడిక్ట్ ఆర్నాల్డ్. ప్రభుత్వ బళ్లను సొంత సరుకుకు వాడుకున్నాడని, ఒక ఓడకు ఇవ్వకూడని అనుమతి ఇచ్చాడని కోర్టు మార్షల్ తేల్చింది. 1780 ఏప్రిల్‌లో వాషింగ్టన్ ఆయన్ను మందలించారు, అదీ చాలా మర్యాదగా. సెప్టెంబరు వచ్చేసరికి ఆర్నాల్డ్ వెస్ట్ పాయింట్ కోటను బ్రిటిష్ వాళ్లకు అప్పగించే పన్నాగం బయటపడి, వాళ్ల పక్షానికే పారిపోయాడు. ఇప్పటి నిబంధనలు అప్పుడుంటే ఆయన అర్జీ తిరస్కరించేవారే. కారణం, ఏడాది కనీస కాలం పూర్తి కాలేదు.

రెండో కథ జనరల్ ప్యాటన్‌ది. 1943 ఆగస్టులో సిసిలీలో, ఆస్పత్రి డేరాల్లో ఉన్న ఇద్దరు సైనికులను, వారం తేడాతో, పిరికివాళ్లంటూ చెంపదెబ్బలు కొట్టాడు. వాళ్లు యుద్ధంలో నరాలు దెబ్బతిన్నవాళ్లు, ఒకడికి మలేరియా కూడా. పైఅధికారి ఐసెన్‌హోవర్ ఘాటుగా లేఖ రాసి క్షమాపణలు చెప్పించారు. అయితే ఆ లేఖను అధికారిక ఫైల్లో పెట్టలేదు, తన సొంత రహస్య ఫైల్లో దాచుకున్నారు. నవంబరులో ఒక రేడియో వ్యాఖ్యాత బయటపెట్టేదాకా జనానికి తెలియలేదు. మరుసటి ఏడాదికల్లా ప్యాటన్ ఏకంగా థర్డ్ ఆర్మీని నడిపించాడు. అటక కోసం సార్జెంటు కాళ్లరిగేలా తిరుగుతాడు. జనరల్‌కైతే అటకే నడిచొస్తుంది, పైవాడి దిండు కింద.

మన సైన్యం ఈ విషయంలో సిరాను నమ్ముకుంది. జవాన్ల శిక్షల్లో పెద్దవాటిని ఎర్ర సిరా ఎంట్రీ అంటారు, చిన్నవి నల్ల సిరా. నాలుగు ఎర్రవి పడితే ఇంటికి పంపే ఆనవాయితీ ఉండేది. ఎర్రగీతల లెక్క ఒక్కటే చూసి పంపడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అమెరికావాళ్లు రంగుల జోలికి పోలేదు. వాళ్లది వాస్తు. కాగితంలో ఏముందనేది తర్వాత, ఏ గదిలో ఉందనేదే ముఖ్యం.

ఇంతకీ డాసెబ్ కుదరదంటే ఏమవుతుంది? నాకు బాగా నచ్చిన నియమం ఇదే. తిరస్కరిస్తూ రాసిన లేఖ ప్రతి కూడా వీధి గదిలోనే పెడతారు. అర్జీ, దానికి జతచేసిన కాగితాలు మాత్రం భద్రంగా అటక ఎక్కుతాయి. అంటే ఒక మేకును పీకించుకుందామని వెళ్లినవాడి గోడకు రెండో మేకు దిగుతుంది. తప్పు అటకెక్కలేదు గానీ, అటకెక్కించమని బతిమాలుకున్న కాగితం మాత్రం ఎక్కింది.

ఆపైన ఇంకో బోర్డు ఉంది, సైనిక రికార్డులను సరిదిద్దే బోర్డు. 'పొరపాటు లేదా అన్యాయం' జరిగిందని తెలిసిన మూడేళ్లలోగా అక్కడికి వెళ్లాలి, న్యాయం కోసమనుకుంటే ఆలస్యాన్ని వాళ్లు మన్నించవచ్చు. 1946లో చేసిన చట్టం వల్ల ఇలాంటి బోర్డులు పుట్టాయి. అంతకు ముందు సైనికుడి కాగితంలో ఒక తప్పు దిద్దాలంటే అమెరికా పార్లమెంటు ఆ ఒక్క మనిషి కోసం ప్రత్యేకంగా బిల్లు పాస్ చేయాల్సి వచ్చేది. మన ఆధార్‌లో ఇంటిపేరు అచ్చుతప్పు దిద్దించుకోవడానికి లోక్‌సభను సమావేశపరచినట్టు. మీసేవ క్యూలో విసుగొచ్చినప్పుడు ఇది గుర్తుచేసుకోండి.

ఇన్ని మెట్లెక్కినా కుదరని పనిని ఒకసారి అగ్నిదేవుడు ఏ బోర్డూ లేకుండా చేసిపెట్టాడు. 1973 జూలై 12న మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ దగ్గర సైనికుల పాత ఫైళ్లున్న భవనం అంటుకుంది. నాలుగు రోజులకు పైగా కాలింది. 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. వేరే ప్రతులు లేవు, ఏవి పోయాయో చెప్పే జాబితా కూడా లేదు. 1912 నుంచి 1960 మధ్య సైన్యం వదిలినవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం బూడిదయ్యాయి. అర్జీ పెట్టుకోకుండానే ఎన్ని మందలింపులు ఆ మంటల్లో కలిశాయో. పతకాల కాగితాలూ వాటితోనే పోయాయి. ఆ తర్వాత ఎంతోమంది ముసలి సైనికులు తప్పు చేయలేదని కాదు, అసలు సైన్యంలో చేశామని నిరూపించుకోవడానికి తిరగాల్సి వచ్చింది.

ఈ విధానాన్ని ఇక్కడ ప్రయోగాత్మకంగా అమలు చేయాలన్న సదుద్దేశంతో మా ఇంటినుంచే మొదలుపెట్టాను. 2003లో మా బావమరిది పెళ్లికి మంగళసూత్రాలున్న సంచీని ఆటోలో మరిచిపోయి మండపంలోకి వచ్చినవాణ్ణి నేను. ఆటో డ్రైవరు పుణ్యాత్ముడు, వెనక్కి తెచ్చిచ్చాడు. ముహూర్తం దాటలేదు. అయినా ఆ సంగతి మా ఆవిడ వీధి గదిలో ఇప్పటికీ వేలాడుతోంది. నేను నిబంధనల ప్రకారమే వెళ్లాను. ఏడాది కాదు, ఇరవై ఏళ్లు దాటాయన్నాను. ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లకు ఎన్ని సంచీలు క్షేమంగా చేర్చానో చెప్పాను. బాధితుడైన బావమరిది చేత ఫోన్లో "పోనీలే అక్కా, బావను ఇంక వదిలెయ్" అని సిఫార్సు కూడా చేయించాను.

"ఉద్దేశించిన ప్రయోజనం నెరవేరిందంటారా?" అంది. నెరవేరిందన్నాను. "మరి మొన్న గ్యాస్ బుక్కు ఎక్కడ పెట్టారండీ?" అంది.

పోయిన ఆదివారం చుట్టాల గృహప్రవేశంలో, భోజనాల దగ్గర మళ్లీ మంగళసూత్రాల కథ చెప్పింది. దాని వెనకే, ఆ కథను అటకెక్కించమని నేను పెట్టుకున్న అర్జీ కథ కూడా చెప్పింది. రెండోదానికే ఎక్కువ నవ్వారు.