మతిమరుపు మనిషి పంటినొప్పి ఎవరు చెప్పాలి?

మా పెద్దమ్మది కోవూరు. మతిమరుపు ముదిరాక ఒక వేసవిలో అన్నం పళ్లెం తోసేయడం మొదలుపెట్టింది. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి, ముద్ద నోటిదాకా తెస్తే విసిరికొట్టేది. మొండితనం ఎక్కువైందనుకున్నాం. డాక్టరు నిద్రమాత్ర డోసు పెంచారు. మూడు వారాల తర్వాత నోరు తెరిపించి చూస్తే కింది దవడ పన్ను చుట్టూ చీము. అన్నాళ్లు ఆమె పడిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ముదిరినవాళ్లు పన్ను నొప్పిగా ఉందని నోరు తెరిచి చెప్పలేరు. చెంప పట్టుకుంటారు, కట్టుడు పళ్లు పీకి పారేస్తారు, ఊరికే కేకలేస్తారు. మనం అదీ జబ్బేలే అనుకుంటాం.

పళ్లు ఊడితే మతిమరుపు వస్తుందా అని చాలామంది అడుగుతారు. 2021లో 14 అధ్యయనాల్లోని 34,074 మంది వివరాలను కలిపి చూశారు. పళ్లు ఎక్కువగా పోయినవాళ్లలో జ్ఞాపకం, ఆలోచన మందగించే ముప్పు 1.48 రెట్లు, డిమెన్షియా ముప్పు 1.28 రెట్లు ఉన్నట్టు తేలింది. అయితే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలలేదు. సరిగా నమలలేక తిండి తగ్గడం, పేదరికం, చదువు లేకపోవడం అన్నీ ఇందులో కలిసి ఉంటాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండో వైపు: మతి తప్పిన మనిషి పళ్లు తోముకోవడం మరిచిపోతే ఆ పని ఎవరు చేస్తున్నారు?

మన పెద్దల పళ్లు, చిగుళ్లు అసలే వక్కాకు, పొగాకు నమిలి దెబ్బతిన్నవి. ఉదయగిరి వైపైతే ఫ్లోరైడ్ నీళ్లు కూడా తోడు. దానికితోడు కొన్ని మందులతో నోరు ఎండిపోతుంది. మింగడం తడబడేవాళ్లకు నోట్లో పేరుకున్న పాచి ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

పెద్దమ్మ బ్రష్ చూస్తే దవడ బిగించేది. వేపపుల్ల చేతికిస్తే మాత్రం తనే నోరు తెరిచేది, చిన్ననాటి అలవాటు అంత గట్టిది. అప్పుడు ఎదురుగా కూర్చుని మెత్తటి బ్రష్‌తో మెల్లగా తోమేవాళ్లం. ఒద్దంటే వదిలేసి, అరగంటాగి మళ్లీ.

70 దాటినవాళ్లకు 2024లో ఆయుష్మాన్ కార్డు ఇచ్చారు, మంచిదే. కానీ అది ఆస్పత్రిలో చేరితే పనికొచ్చేది. ఊళ్లోకొచ్చే 104 బండి దగ్గర బీపీ, షుగర్ చూస్తున్నారు. అక్కడే టార్చిలైటు వేసి ముసలివాళ్ల నోరు కూడా చూడాలి. నెల్లూరులో దంత వైద్య కళాశాల ఉంది, మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు నెలకోసారి విద్యార్థులను పంపమని జిల్లా వైద్యాధికారులు అడగాలి.