కింది డివిజన్‌కి పడిన రోజుని ఎందుకు మర్చిపోవాలి?

"క్లబ్బు రెలిగేట్ అయిందంటే దాని పని అయిపోయినట్టే. ఫ్యాన్స్ మెల్లగా జారుకుంటారు. ఒక్క మ్యాచ్‌లో ఒక్క ఆటగాడు చేసిన తప్పుకి అంతా పోతుంది. ఏళ్ల తరబడి దాన్నే తలుచుకుంటూ కూర్చోవడం ఓడిపోయేవాళ్ల లక్షణం. అసలు రెలిగేషన్ రూలే తీసేస్తే ఫ్యాన్స్‌కి ఈ ఏడుపు తప్పుతుంది."

రెలిగేషన్ అంటే పాయింట్ల పట్టికలో అడుగున మిగిలిన క్లబ్బుని కింది డివిజన్‌కి దించడం. సీజన్ చివరికి వచ్చిందంటే చాలు, ఫుట్‌బాల్ చూసేవాళ్ల మధ్య ఈ మాటలు తెగ షేర్ అవుతాయి. చదవడానికి బాగానే ఉంటాయి, అందుకే జనం నమ్మేస్తున్నారు. జరిగిన చరిత్రతో పోల్చి చూస్తే మాత్రం నిలవవు. ఒక్కో మాటా తీసుకుందాం.

ఫ్యాన్స్ జారుకుంటారా? మాంచెస్టర్ యునైటెడ్ 1974లో రెండో డివిజన్‌కి పడింది. ఆ తర్వాతి సీజన్‌లో ఇంగ్లండ్ మొత్తం మీద, మొదటి డివిజన్ క్లబ్బుల్ని కూడా కలుపుకుని, సగటున అందరికంటే ఎక్కువ మంది జనం వచ్చిన మైదానం వాళ్ల ఓల్డ్ ట్రాఫోర్డే. మ్యాచ్‌కి 48 వేలకు పైగా. మాంచెస్టర్ సిటీ 1998లో ఏకంగా మూడో అంచెకి పడిపోయింది, డిసెంబర్‌లో యార్క్ చేతిలో ఓడి 12వ స్థానానికి దిగింది, అయినా ఆ సీజన్‌లో సొంత మైదానానికి సగటున 28 వేల మంది వచ్చారు. న్యూకాసిల్ 2009లో పడింది, తర్వాతి ఏడాది 102 పాయింట్లతో పైకొచ్చింది, ఆ ఏడాదంతా సెయింట్ జేమ్స్ పార్క్‌లో సగటున 40 వేలకు పైనే. సండర్‌లాండ్ వరసగా రెండేళ్లు పడి, మూడో అంచెలో నాలుగు సీజన్లు ఇరుక్కుంది. వాళ్ల స్టాండ్స్ అప్పుడూ ఖాళీ కాలేదు. 2025లో మళ్ళీ ప్రీమియర్ లీగ్‌కి వచ్చారు.

అన్ని క్లబ్బులకీ ఇలాగే ఉంటుందని అనను. చిన్న క్లబ్బులకి జనం తగ్గుతారు, టీవీ డబ్బు తగ్గుతుంది, ముందు ఉద్యోగాలు పోయేది టికెట్ కౌంటర్లో, ఆఫీసులో పనిచేసేవాళ్లకి. ఆ దెబ్బ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ దాని నుంచి "ఫ్యాన్స్ వదిలేసి పోతారు" అన్న సూత్రం ఎలా వచ్చిందో నాకు అంతుపట్టదు. పోర్ట్స్‌మత్ చూడండి. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు, అప్పుల్లో కూరుకుపోయి 2013 నాటికి నాలుగో అంచెకి చేరింది. అప్పుడు క్లబ్బుని కొన్నది ఏ కోటీశ్వరుడో కాదు, సపోర్టర్స్ ట్రస్ట్. మామూలు అభిమానులు వెయ్యి పౌండ్లు పెట్టి తలా ఒక షేరు తీసుకున్నారు. నాలుగేళ్లు వాళ్లే నడిపి, 2017లో నాలుగో అంచె చాంపియన్‌గా నిలబెట్టి, ఓటింగ్ పెట్టుకుని మరీ కొత్త యజమానికి అప్పగించారు.

ఇక "పని అయిపోయినట్టే" అన్న మాట. ఈ మధ్యకాలంలో ఇంగ్లీష్ లీగ్ నుంచి ఏకంగా బయటికి గెంటేయబడిన క్లబ్బు బరీ. 2019 ఆగస్టులో. అదే ఏడాది ఆ క్లబ్బు రెలిగేట్ కాలేదు, ప్రమోషన్ గెలిచి మూడో అంచెకి వెళ్లింది! యజమాని దగ్గర క్లబ్బు నడపడానికి డబ్బుందని లీగ్‌కి రుజువు చూపించలేకపోవడంతో, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు కొత్త డివిజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్లిపోయింది. ప్రాణం తీసేది పాయింట్ల పట్టిక అనుకునేవాళ్లు ముందు బ్యాంకు ఖాతా చూడాలి.

ఒక్క మ్యాచ్, ఒక్క ఆటగాడు అన్నది అన్నిటికంటే ఎక్కువ హాని చేసే మాట అని నా ఉద్దేశం, ఎందుకంటే దానివల్ల అసలు బాధ్యులు తప్పించుకుంటారు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ డెనిస్ లా. 1974 ఏప్రిల్ 27, ఓల్డ్ ట్రాఫోర్డ్. యునైటెడ్‌కి ఏళ్ల తరబడి ఆడిన లా, అప్పుడు సిటీ చొక్కాలో ఉన్నాడు. 81వ నిమిషంలో గోల్‌కి వీపు పెట్టి నిలబడి బంతిని మడమతో వెనక్కి తన్నాడు, లోపలికి పోయింది. చేతులెత్తలేదు, నవ్వలేదు, తోటి ఆటగాళ్లు వచ్చి తట్టినా తల దించుకునే ఉన్నాడు, వెంటనే అతన్ని బయటికి పిలిచేశారు. జనం మైదానంలోకి దూసుకురావడంతో మ్యాచ్ పూర్తి కాలేదు గానీ 1-0 స్కోరే ఖాయమైంది. అప్పటినుంచి "పాత క్లబ్బుని లా దించేశాడు" అని చెప్పుకుంటున్నారు.

లెక్క వేయండి. అప్పట్లో గెలుపుకి రెండు పాయింట్లు. యునైటెడ్ సీజన్ ముగించింది 32 పాయింట్లతో. ఆ మ్యాచూ, ఆ తర్వాత స్టోక్‌తో ఆడి ఓడిన ఆఖరి మ్యాచూ రెండూ గెలిచినా 36 అయ్యేవి. పడకుండా తప్పించుకున్నవాళ్లలో అట్టడుగున ఉన్న బర్మింగ్‌హామ్‌కి 37. అంటే లా ఆ బంతిని ముట్టుకోకపోయినా యునైటెడ్ పడేదే. ఆ క్లబ్బు పడింది ఆ సీజన్‌లో ఓడిన 20 మ్యాచ్‌ల వల్ల, 1968లో యూరోపియన్ కప్ గెలిచిన జట్టు ముసలిదైపోతుంటే సరైన సమయంలో కొత్తది కట్టుకోకపోవడం వల్ల.

అర్జెంటీనా క్లబ్బు రివర్ ప్లేట్ సంగతీ అంతే. 2011 జూన్ 26న కిందికి పడేదెవరో తేల్చే రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్‌లో, బెల్‌గ్రానోతో ఆడిన రెండో మ్యాచ్‌లో రివర్ ఆటగాడు పావోనే పెనాల్టీ ఆగిపోయిందని ఇప్పటికీ అతన్నే అంటారు. కానీ అర్జెంటీనాలో అప్పటి రూల్ ప్రకారం ఎవరు నేరుగా కిందికి వెళ్లాలో, ఎవరు ఈ ప్లేఆఫ్ ఆడాలో తేల్చేది మూడు సీజన్ల సగటు. మూడేళ్ల పతనాన్ని ఒక్క కిక్కు మీద రుద్దడం అన్యాయం. లీడ్స్ 2004లో పడినప్పుడు కూడా, మూడేళ్ల ముందు చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడిన క్లబ్బు అది. వచ్చే ఏడూ, ఆ పై ఏడూ యూరప్‌లో ఆడతామన్న ధీమాతో అప్పులు చేశారు, అర్హత రాలేదు, ఆటగాళ్లని ఒక్కొక్కరిగా అమ్ముకున్నారు. ఇందులో ఏ డిఫెండర్ తప్పుందో చెప్పండి.

"తలుచుకుంటూ కూర్చోవడం ఓడిపోయేవాళ్ల లక్షణం" అన్నది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. సిటీ అభిమానులకి 1996 మే 5 గుర్తుంది. సిటీ అప్పటి మైదానం మెయిన్ రోడ్‌లో లివర్‌పూల్‌తో సీజన్ ఆఖరి మ్యాచ్, స్కోరు 2-2. పడకుండా ఉండటానికి ఈ స్కోరు సరిపోతుందని తప్పుడు సమాచారం అందింది, సిటీ ఆటగాడు స్టీవ్ లోమాస్ బంతిని కార్నర్ ఫ్లాగ్ దగ్గరికి తీసుకెళ్లి టైమ్ పాస్ చేస్తున్నాడు. అప్పటికే సబ్‌స్టిట్యూట్ అయిపోయిన నియల్ క్విన్ నిజం తెలిసి టచ్‌లైన్ వెంబడి పరిగెత్తుకొచ్చి, ఇంకో గోల్ కావాలి, ఆడండి అని అరిచాడు. అప్పటికే ఆలస్యమైంది. కావెంట్రీ, సౌతాంప్టన్, సిటీ మూడింటికీ సమానంగా 38 పాయింట్లు, గోల్ డిఫరెన్స్‌లో సిటీ పడింది. ఇది గుర్తుపెట్టుకోవడంలో తప్పేముంది? దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లే 1999 మేలో, మూడో అంచె నుంచి పైకెళ్లేదెవరో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్‌కి వెంబ్లీకి వెళ్లారు, గిల్లింగ్‌హామ్‌తో 2-0తో వెనకబడి, 90వ నిమిషంలో హార్లాక్, 95లో డికోవ్ కొట్టిన గోల్స్‌తో బతికి, పెనాల్టీల్లో గెలవడం చూశారు. తర్వాత వచ్చిన ట్రోఫీలు ఎవరైనా టీవీలో చూసి ఆనందించవచ్చు. ఈ రెండు రోజులు మాత్రం అక్కడున్నవాళ్లవి.

ఇంకో సంగతి. మర్చిపొమ్మని చెప్పడం ఎవరికి లాభం? అప్పు చేసిన డైరెక్టర్‌కి, మేనేజర్లని మార్చి మార్చి జట్టుని గుల్ల చేసిన యజమానికి. ఏ ఏడాది ఎవరిని అమ్మారు, ఆ డబ్బు ఎటు పోయింది అని పదేళ్ల తర్వాత కూడా అడిగేది ఆ రోజుని గుర్తుపెట్టుకున్న అభిమానే.

ఆఖరుది, రూల్ తీసేయాలన్న సలహా. 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని 12 పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ ప్రకటించాయి, స్థాపక క్లబ్బులకి పడిపోయే భయమే లేకుండా. దాన్ని వ్యతిరేకించి రోడ్డెక్కింది ఎవరు? అందులో చోటు దక్కిన క్లబ్బుల అభిమానులే, స్టాంఫర్డ్ బ్రిడ్జ్ బయట చెల్సీ వాళ్లు సహా. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లీష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. తలుపులు మూసిన లీగ్ కాపాడేది యజమాని పెట్టుబడిని. అమెరికాలోని పెద్ద లీగ్‌లలో రెలిగేషన్ లేదు, కానీ యజమానికి నచ్చకపోతే జట్టు మొత్తం వేరే ఊరికి వెళ్లిపోతుంది. ఇంగ్లండ్‌లో అలా వింబుల్డన్ క్లబ్బుని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి ఇచ్చినప్పుడు, అభిమానులు 2002లో సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని చిన్న లీగ్‌లో మొదలుపెట్టారు. 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. తలుపులు మూసి ఉంటే ఆ మెట్లు ఎక్కడివి?

ఫ్యాన్స్ మీద అంత జాలి ఉంటే అడగాల్సింది వేరే ఉంది. యజమానుల లెక్కలు ముందే తనిఖీ చేయమనండి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కోసం బ్రిటన్ 2025లో చట్టం చేసి, పై ఐదు అంచెల క్లబ్బులకి లైసెన్స్ ఇచ్చే స్వతంత్ర రెగ్యులేటర్‌ని పెట్టింది. బరీ లాంటివి జరిగాక, అభిమానులు ఏళ్లపాటు వెంటపడితే వచ్చిన చట్టం అది.