నెవాడా బరిలో అసలైన అభ్యర్థి

టికెట్ ఎవరికో ఢిల్లీలోనో అధినేత ఇంట్లోనో తేలిపోయి, బీ ఫారం చేతిలో పడేదాకా అభ్యర్థికే నమ్మకం కుదరని చోట పుట్టిపెరిగాం మనం. అందుకే అమెరికా ప్రైమరీలంటే నాకు మహా గౌరవం. అక్కడ ఆశావహులంతా వేదికెక్కి వాదించుకుంటారు, పార్టీ ఓటర్లు గుణగణాలు చూసి ఒకరిని ఎన్నుకుంటారు. ఆ గౌరవంతోనే 2024 రిపబ్లికన్ అధ్యక్ష ప్రైమరీలో దిగినవారి యోగ్యతలను శ్రద్ధగా బేరీజు వేశాను. నాకక్కడ ఓటు లేదు, నిజమే. అభిప్రాయానికి వీసా అక్కర్లేదు కదా.

డిబేట్లలో డొనాల్డ్ ట్రంప్‌ను ఓడించినవారు లేరు. ఆయన ఒక్కదానికీ రాలేదు మరి. 2023 ఆగస్టులో మిల్వాకీలో జరిగిన తొలి డిబేట్‌కు మిగతా ఎనిమిది మంది వచ్చి వరుసగా నిలబడ్డారు. ట్రంప్ కోర్టులో దోషిగా తేలినా, పార్టీ అభ్యర్థి ఆయనే అయితే మద్దతిస్తారా, ఇచ్చేవాళ్లు చేతులెత్తండి అన్నారు యాంకర్లు. చాలా చేతులు లేచాయి. ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ మాత్రం ముందు అటూ ఇటూ చూసి, పక్కవాళ్ల చేతులు ఎక్కడున్నాయో గమనించి, అప్పుడు తన చెయ్యి ఎత్తారు. గిట్టనివాళ్లు దీన్ని తడబాటు అన్నారు. నేనొప్పుకోను. రెండు సెకన్లలో సర్వే చేయించి, ఫలితాలు చూసుకుని, విధానం ప్రకటించిన నాయకుడు ఇంకెవరున్నారు?

అప్పటి నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్‌ను చూసి మనవాళ్లు కూడా నేర్చుకోవాలి. ఆ వేదిక ఎక్కాలంటే కనీసం 40 వేల మంది దాతలుండాలని పార్టీ షరతు పెట్టింది. ఒక్క డాలర్ విరాళమిస్తే 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపిస్తానన్నారాయన. పోలింగ్ ముందు రాత్రి కవర్లు పంచి ఓటు అడగడమే మనకు తెలుసు. డబ్బులిచ్చి విరాళం అడగాలన్న ఆలోచన మన వ్యూహకర్తలకు ఇంకా తట్టలేదు.

ఇక వ్యాపారవేత్త వివేక్ రామస్వామి, సౌత్ కరోలినా మాజీ గవర్నర్ నిక్కీ హేలీ. ఒకరి మూలాలు పాలక్కాడ్‌లో, మరొకరివి పంజాబ్‌లో. అయినా వాట్సాప్‌లో ఇద్దరూ మనవాళ్లే. సెప్టెంబర్ డిబేట్‌లో ఆవిడ ఆయన ముఖం మీదే, నువ్వు మాట్లాడిన ప్రతిసారీ నా తెలివి కాస్త తగ్గినట్టు అనిపిస్తోంది అనేశారు. అమెరికాలో తెలుగు సంఘాలు ఎన్ని ముక్కలయ్యాయో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. 2024 జనవరిలో, తొలి ఓటింగ్ జరిగిన అయోవా రాష్ట్రంలో హేలీ మూడో స్థానంలో వచ్చి, ఇక పోటీ ట్రంప్, తాను ఇద్దరి మధ్యే అని ప్రకటించారు. అకౌంటింగ్ చదివిన మనిషి, లెక్క తప్పే ప్రశ్నే లేదు.

ఆ ఇద్దరి పోటీ నెవాడాకు వచ్చింది. ప్రభుత్వమే ప్రైమరీ నిర్వహించాలని ఆ రాష్ట్రం 2021లో చట్టం చేసింది. రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ ఆ ప్రైమరీ మాకొద్దు, మా కాకస్ (పార్టీయే సభలు పెట్టి జరిపే ఓటింగ్) మేం పెట్టుకుంటాం అంది. అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు, అంటే డెలిగేట్లు, దక్కేది కాకస్‌లోనే. ప్రైమరీలో నిలబడితే కాకస్‌లోకి రానివ్వరు. కాకస్ ప్రవేశ రుసుము 55 వేల డాలర్లు. ట్రంప్ కాకస్‌లోకి, హేలీ ప్రైమరీలోకి వెళ్లారు. ఒకే పార్టీ, ఒకే రాష్ట్రం, ఒకే వారం. అయినా ఒకరికొకరు ఎదురుపడే పని లేదు. ఇద్దరూ గెలిచి ఇద్దరూ ఊరేగొచ్చు.

అయితే నెవాడా బ్యాలెట్ మీద 1970ల నుంచి ఒక స్థానిక అభ్యర్థి ఉంటున్నారు. పేరు ‘వీరిలో ఎవరూ కాదు’. కాకస్‌లో ట్రంప్‌కు, ప్రైమరీలో ఈ అభ్యర్థికి ఓటేస్తానని రాష్ట్ర గవర్నరే ముందుగా చెప్పేశారు. ఫిబ్రవరి 6న లెక్క తేలింది. ఎవరూకాదు గారికి సుమారు 63 శాతం, నిక్కీ హేలీకి 30 చిల్లర. రెండు రోజుల తర్వాత కాకస్‌లో ట్రంప్‌కు 99 శాతం వచ్చింది, 26 మంది డెలిగేట్లూ ఆయనకే. నెవాడా మీద మేమసలు పైసా ఖర్చుపెట్టలేదు అంది హేలీ వర్గం. ఎవరూకాదు గారు పెట్టినట్టు!

నా మద్దతు ఈయనకే. ట్రంప్‌లా తప్పించుకోలేదు, హేలీ పేరున్న బ్యాలెట్ మీదే నిలబడి ముఖాముఖి తలపడ్డారు. కేసులు లేవు. విరాళం కోసం రోజుకు పది మెసేజ్‌లు పంపరు. పక్కవాడి చెయ్యి చూసి తన చెయ్యి ఎత్తరు, అసలు చెయ్యే లేదు. పదవీ వ్యామోహం కూడా లేదు. 2014లో ఇదే నెవాడాలో డెమొక్రాట్ల గవర్నర్ ప్రైమరీలో 30 శాతంతో మొదటి స్థానంలో వచ్చి, చట్టం ప్రకారం నామినేషన్‌ను రెండో స్థానంలో ఉన్నాయనకు వదిలేశారు. మన దగ్గర 2013 నుంచి నోటా కూడా ఇదే త్యాగం చేస్తోంది గానీ, దానికి ఇంతవరకు ఒక్క సన్మానమూ జరగలేదు.

జూలైలో మిల్వాకీలోనే పార్టీ మహాసభ జరిగింది. హేలీ, డిశాంటిస్, రామస్వామి ఒకే రాత్రి ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కి, తమ మద్దతు ట్రంప్‌కేనని చెప్పి దిగారు. ఎవరూకాదు గారు మాత్రం ఆ వేదిక ఎక్కలేదు.