మూడు క్రెడిట్ల కోసం ఇంకో ఆరు నెలలా?

ఇప్పుడే మా చెల్లి ఫోన్ పెట్టేసింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పూర్తిగా పోయింది. నాకింకా కోపంతో చేతులు వణుకుతున్నాయి. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

అది బిజినెస్ డిగ్రీ నాలుగో ఏడాదిలోకి వచ్చింది. ఏడో సెమిస్టర్ కోర్సులు ఎంచుకుందామని పొద్దున్నే కూర్చుంది. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ మీద నొక్కగానే ఎర్ర అక్షరాల్లో ఒకటే ముక్క: ప్రీరిక్విజిట్ పూర్తి కాలేదు. అంటే దీనికి ముందు చదవాల్సిన కోర్సు ఇంకా అవలేదని. స్టాటిస్టిక్స్ పోయిన సెమిస్టర్‌లోనే పాసయ్యాను కదా అనుకుని ఆఫీసుకి ఫోన్ చేసింది. ఒక్క స్టాటిస్టిక్స్ చాలదట, రెండో స్టాటిస్టిక్స్ కూడా ఉండాలట. అదేమో ఏడాదికి ఒక్కసారే, బేసి సెమిస్టర్‌లోనే చెబుతారట. సరే, ఇప్పుడు అది చదివితే ఆపరేషన్స్ ఎనిమిదికి పోతుంది. ఆపరేషన్స్ అయ్యాక గానీ చివరి స్ట్రాటజీ కోర్సు, అదే క్యాప్‌స్టోన్, ఇవ్వరు. రెండూ కలిపి ఒకే సెమిస్టర్‌లో చదువుతానని బతిమాలింది. కుదరదన్నారు. అంటే ఎనిమిది సెమిస్టర్లు అయ్యేసరికి డిగ్రీకి కావాల్సిన 120 క్రెడిట్లలో 117 చేతిలో ఉంటాయి. మిగిలిన 3 క్రెడిట్ల కోసం, వారానికి మూడు గంటల క్లాసు కోసం, ఇంకో ఆరు నెలలు. ఫీజు మళ్ళీ కట్టాలి. ట్రైనీగా తీసుకుంటామన్న చోట పట్టా చేతికొచ్చాకే రమ్మన్నారు. వాళ్ళు ఆరు నెలలు ఆగుతారా?

మొదటి ఏడాదిలో దానికిచ్చిన కోర్సుల పట్టిక నా దగ్గర ఇంకా ఉంది. ఇందాక మళ్ళీ తీసి చూశాను. ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజీరియల్ అకౌంటింగ్, మైక్రో ఎకనామిక్స్, మాక్రో ఎకనామిక్స్, బిజినెస్ లా, మార్కెటింగ్, ఫైనాన్స్, ఆర్గనైజేషనల్ బిహేవియర్... అన్నీ వరసగా ఉన్నాయి. ఏది చదివితే ఏది తెరుచుకుంటుందో ఒక్క గీత లేదు. ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో దొరుకుతుందో ఒక్క మాట లేదు. అవి ఇంకెక్కడో, ఒక్కో కోర్సు వివరం కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. నలభై చోట్ల వెతికి ఆ పిల్ల తనే అతికించుకోవాలి.

నేను వెనక నుంచి లెక్కపెట్టాను. మీరూ పెట్టండి. క్యాప్‌స్టోన్ ఎనిమిదిలో కావాలంటే ఆపరేషన్స్ ఏడులో ఉండాలి. ఆరులో చెప్పరు కాబట్టి రెండో స్టాటిస్టిక్స్ అయిదులోనే అయిపోవాలి. మొదటి స్టాటిస్టిక్స్ నాలుగులో, దానికి ముందు కాలిక్యులస్ మూడులో. అంటే రెండో ఏడాది మొదట్లోనే కాలిక్యులస్ పట్టుకోని వాళ్ళకి నాలుగేళ్ళలో బయటపడే దారే లేదు. ఈ సంగతి దానికి ఎవరు చెప్పారు? అడ్వైజర్ గారు చెప్పింది ఇదీ: "లెక్కలంటే భయమైతే తర్వాత తీసుకోమ్మా, ముందు ఎలెక్టివ్స్ కానియ్యి, తొందరేం లేదు." అది పెద్దవాళ్ళ మాట విని అయిదో సెమిస్టర్‌లో కాలిక్యులస్ చదివింది. ఆ ఒక్క వాక్యంతోనే దాని తొమ్మిదో సెమిస్టర్ ఖాయమైపోయింది, రెండేళ్ళ ముందే.

నాకు ఒళ్ళు మండిపోయే విషయం ఇంకోటుంది. ఇప్పుడు దానికి ఇవ్వం అంటున్న ఆ ఆపరేషన్స్ కోర్సులో ఏం నేర్పుతారో తెలుసా? క్రిటికల్ పాత్. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ తన ప్లాంట్ల పనుల కోసం తయారు చేయించుకున్న పద్ధతి. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనుల్లో అన్నిటికంటే పొడవైన గొలుసు ఏదో ముందు కనిపెట్టు, అందులో ఒక్క పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యం, అని. ఇది పాఠంగా చెప్పి, పరీక్ష పెట్టి, మార్కులు వేసే డిపార్ట్‌మెంటు తన విద్యార్థులకి తన కోర్సుల గొలుసు గీసి చూపించలేదు. సిగ్గుగా అనిపించదా?

కామెంట్లలో ఎవరో ఒకరు వచ్చి బిజినెస్ చదివేవాళ్ళకి కాలిక్యులస్ ఎందుకు, తీసేస్తే పోలా అంటారు. దయచేసి అనకండి. నా గొడవ అది కాదు. 1959లో అమెరికాలో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ఒక నివేదిక, కార్నెగీ కార్పొరేషన్ డబ్బుతో ఇంకోటి వచ్చాయి. బిజినెస్ చదువులో సరుకు లేదు, ఉత్త పనివిద్యగా తయారైందని రెండూ తిట్టిపోశాయి. గణితం, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ గట్టిపడింది ఆ తర్వాతే. మంచిదే అయింది. ఇంకో వస్తువు తయారు చేస్తే ఖర్చెంత పెరుగుతుందో చెప్పే మార్జినల్ కాస్ట్, కాలిక్యులస్‌లో నేర్పే డెరివేటివే కదా. ఫైనాన్స్‌లో రిస్క్ అని కొలిచేది స్టాటిస్టిక్స్‌లో నేర్పే స్టాండర్డ్ డీవియేషన్‌నే కదా. మా చెల్లి లెక్కలంటే భయపడే పిల్ల అయినా రెండూ కష్టపడి పాసైంది. ఉంచండి, ఇంకా కఠినంగా చెప్పండి. కానీ మొదటి రోజే వరస చెప్పండి.

దీనికి ఆఫీసులో ఇచ్చిన జవాబు "అక్రెడిటేషన్ రూల్సమ్మా, మా చేతుల్లో లేదు" అని. అబద్ధం! బిజినెస్ కాలేజీలకి అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఇచ్చే ఏఏసీఎస్‌బీ లాంటి సంస్థ విద్యార్థులు ఏం నేర్చుకోవాలో, అది నేర్చుకున్నారని ఎలా చూపించాలో అడుగుతుంది. రెండో స్టాటిస్టిక్స్ ఏడాదికి ఒక్కసారే చెప్పు అని ఏ అక్రెడిటేషనూ అడగదు. అది వాళ్ళ టైమ్‌టేబుల్. వాళ్ళు వేసుకున్నదే.

"మా చేతుల్లో లేదు" అన్న మాట నేనూ విన్నాను. పన్నెండేళ్ళయినా మర్చిపోలేదు. నేను రెండో ఏడాదిలో కాలేజీ మారాను. అప్పటికే మ్యాథ్స్ డిపార్ట్‌మెంటులో స్టాటిస్టిక్స్ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నాను. కొత్త చోట ఆ క్రెడిట్లు తీసుకోలేదు. కారణం? వాళ్ళ కోర్సు పేరు "బిజినెస్ స్టాటిస్టిక్స్", నాది ఉత్త "స్టాటిస్టిక్స్". సిలబస్ ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. ప్రాబబిలిటీ, నార్మల్ డిస్ట్రిబ్యూషన్, హైపోథెసిస్ టెస్టింగ్, రిగ్రెషన్, వరస కూడా అదే. కౌంటర్లో ఆయన పేజీ తిప్పలేదు, పేరు చూసి వెనక్కి తోసేశాడు. డిపార్ట్‌మెంటు మారితే సగటు మారుతుందా? అదే పాఠం, అవే లెక్కలు, మళ్ళీ ఒక సెమిస్టర్ కూర్చుని విన్నాను. ఆ క్లాసు టైముతో కుదరక ఇంటర్న్‌షిప్ వదులుకున్నాను. నా తర్వాత ఆ ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన అమ్మాయికి అక్కడే ఉద్యోగం వచ్చింది. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. ఆ పేజీ తిప్పని చెయ్యి మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఇందాక అది "అక్కా, ముందే చూసుకోకపోవడం నాదే తప్పేమో" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నేనూ ఆ రోజు ఇదే అనుకున్నాను, పేరు సరిచూసుకోకపోవడం నాదే తప్పని.

రేపు పొద్దున డీన్ గారికి అర్జీ పెడుతున్నాం, ఆపరేషన్స్, క్యాప్‌స్టోన్ రెండూ ఎనిమిదో సెమిస్టర్‌లో కలిపి చదవనివ్వమని. మీలో ఎవరికైనా ప్రీరిక్విజిట్ మినహాయింపు దొరికిందా? అర్జీలో ఏం రాశారు, ఏ కాగితాలు జతచేశారు, ఎవరు సంతకం పెట్టారు? రాత్రికల్లా చెప్పండి, మేల్కొనే ఉంటాను.